సర్కిస్ తోట

మా అత్తవారింట్లో కోడలు నోరు విప్పాలంటే మామగారు సెలవివ్వాలి. పెళ్ళయిన నాటి నుంచి ముక్కు కొన మొదలు గడ్డం కింది దాకా తెల్లగుడ్డ కట్టుకుని తిరగాలి. మామగారి ముందు మాట్లాడకూడదు, అత్తగారి ముందు మాట్లాడకూడదు, మీసం వచ్చిన ఏ మగవాడి ముందూ మాట్లాడకూడదు. పిండి అయిపోయిందని చెప్పాలంటే రెండు అరచేతులూ రుద్దాలి. ఉప్పు కావాలంటే వేళ్ళ కొసలు విదిలించాలి. ఆవు ఈనేలా ఉంటే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడాలి. ఇది మా ఒక్క ఇంటి కట్టడి కాదు. అరగాత్స్ కొండ చుట్టూ ఉన్న మా ఆర్మేనియన్ల ఊళ్ళన్నిటా అంతే. మా అత్తగారికి పదకొండేళ్ళకు సెలవు దొరికిందట. "నోరు విప్పేసరికి ఆ గొంతు ఎవరిదో అనుకుని వెనక్కి తిరిగి చూశానే" అని చెప్పుకుని నవ్వేది.

నాకది మూడో ఏడు. నేను నోటితో మాట్లాడగలిగింది ఆడబిడ్డ వర్సేనిక్‌తోనూ, ఉయ్యాల్లో ఉన్న నా కూతురితోనూ. మా ఆయన అర్షక్‌తో కూడా పక్కన ఎవరూ లేనప్పుడే. ఆయన బాకూ నూనె బావుల్లో పనికి పోయి అప్పటికి ఏడాది దాటింది. వర్సేనిక్‌కు పదహారేళ్ళు. ద్రాక్ష కోతలు అయ్యాక పెళ్ళి పెట్టుకున్నారు.

"వదినా, చెప్పాల్సినవన్నీ ఇప్పుడే నా చెవిలో పోసెయ్. నేను వెళ్ళిపోయాక ఆవుతో చెప్పుకోవాలి" అని ఏడిపించేది.

"ఆవే నయం. ఊరంతా చాటదు" అనేదాన్ని.

మా ఇంటికి ఆధారం ఖుబానీ పండ్ల తోట. ఊరికి దిగువన, లోయ అంచు మీద, నూట నలభై మూడు చెట్లు. ఆ తోట మాదని ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఈ నేల ఇంకా పర్షియా షా ఏలుబడిలో ఉన్న రోజుల్లో మామగారి తాతకు నలుగురు పిల్లలు కలరాకు పోయారట. ఐదోవాడు దక్కితే తోట నీదేనని ఆయన పునీత సర్కిస్‌కు మొక్కుకున్నాడు. ఐదోవాడు దక్కాడు. ఆనాటి నుంచి అది సర్కిస్ తోట. ఏటా మొదటి బుట్ట చర్చికి పోయేది. మిగిలినవి మేము తినేవాళ్ళం, ఎండబెట్టేవాళ్ళం, యెరెవాన్ బజారుకు పంపేవాళ్ళం. షా పోయి జార్ వచ్చాడు. పన్ను మాత్రం మా ఇంటి పేరునే కడుతూ వచ్చారు. తోటను చర్చికి రాసిచ్చినట్టు ఏ కాగితం మీదా ఒక్క అక్షరం లేదు. అయినా దారిన పోయేవాడు "ఏం తదేవోస్, తోట బాగా కాసిందే" అంటే మామగారు టోపీ తీసి, "సర్కిస్‌ది బాబూ, మేం ఆయన పనివాళ్ళం" అనేవారు. ఆ మాట అనకుండా ఆయన పండు కొరకగా నేను చూడలేదు.

నేను పుట్టింది అలెక్సాంద్రపోల్ పట్నంలో. నాకు పదేళ్ళప్పుడు మా చర్చి బళ్ళన్నిటికీ సర్కారు తాళాలు వేసింది. మన అక్షరాలు నేర్పే బడి లేకపోతే పిల్ల వీధుల వెంట తిరుగుతుందని మా నాన్న నన్ను రష్యన్ బడికి పంపాడు. నాలుగేళ్ళు చదివాను. పెళ్ళి మాటలప్పుడు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. చదివిన పిల్ల నోరు కట్టుకుని ఉండదని పల్లెల్లో అనుకుంటారు. వర్సేనిక్ ఒక్కదానికే చెప్పాను. అది నెల్లాళ్ళు నా వెంట తిరిగి, కుక్కనూ గాడిదనూ రష్యన్‌లో తిట్టడం నేర్చుకుంది.

చర్చి ఆస్తులన్నీ ఇకమీదట ఖజానా చూసుకుంటుందని జార్ ఉత్తర్వు వేసిన మరుసటి ఏడు అది. తాళాలు ఇవ్వవద్దు, కాగితాలు చూపవద్దు అని మా మతగురువు ఉండే మఠం నుంచి ఊరూరికీ కబురు వచ్చింది. మా ఊరి పూజారి సహాక్ అయ్యగారు చర్చికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో దాచి, తలకు గుడ్డ చుట్టుకుని జ్వరమని పడుకున్నారు. ఆయన జ్వరం మూడు నెలలు తగ్గలేదు. చివరికి ఖుబానీ పూసిన వారంలో జాబితా రాయడానికి ఒక అధికారి, ఒక దుబాసీ, ఇద్దరు గుర్రపు జవాన్లు వచ్చారు. అయ్యగారి గడపలో ఏమీ దొరక్క, ఏ పొలం ఎవరిదో మనుషుల నోటి నుంచే రాబడదామని ఊరి మీద పడ్డారు.

మూడోనాడు మా తోటకు వచ్చారు.

వచ్చినవాడు దొంగే అయినా రొట్టె పెట్టాలన్నది మామగారి మాట. చెట్ల కింద తివాచీ పరిచాం. నేనూ అత్తగారూ వర్సేనిక్కూ రొట్టెలూ జున్నూ మజ్జిగా మోసుకెళ్ళాం. అధికారి బక్కపలచటి మనిషి. పూల పుప్పొడి పడక ఒకటే తుమ్ములు తుమ్ముతున్నాడు. దుబాసీ మెలిక్‌సెత్ మనవాడే, యెరెవాన్ వాడు. బూట్లకు మట్టి అంటకుండా వేళ్ళ మీద నడుస్తున్నాడు. ఊరి మగవాళ్ళు చుట్టూ ఉన్న రాతిగోడ మీద వరసగా కూర్చున్నారు. ఏమీ చెప్పకూడదని వాళ్ళలో వాళ్ళు అనుకుని వచ్చారు గాని, చూడకుండా ఉండలేరు కదా.

"దొరగారికి మా చెట్లు గిట్టడం లేదురా" అన్నాడు గోడ మీది నుంచి కుంటి ఘూకాస్. ఊళ్ళో రాళ్ళు చెక్కేవాడు. "జాబితాలో ముందు ఆ తుమ్ములు రాయించుకో మెలిక్‌సెత్. అవి ఎవరివో తేలలేదు."

అందరూ నవ్వారు. మెలిక్‌సెత్ కూడా నవ్వబోయి ఆగాడు.

నేను మజ్జిగ గిన్నె పట్టుకుని అధికారి వెనక నిలబడి ఉన్నాను. నోటికి గుడ్డ కట్టుకుని నిలబడ్డ ఆడదాన్ని ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. గోడకు ఆనించిన గునపం లాంటిది. అధికారి ముక్కు తుడుచుకుంటూ రష్యన్‌లో మెలిక్‌సెత్‌తో అన్నాడు. "పన్ను పుస్తకంలో ఈ తోట ముసలివాడి పేరునే ఉంది. కానీ ఊరంతా దీన్ని పునీతుడి తోట అంటున్నారు. వాడు తన నోటితో పునీతుడిదని అంటే చాలు, చర్చి ఆస్తి కింద రాసేద్దాం. నాదంటే వదిలెయ్యక తప్పదు. ఎందుకడుగుతున్నామో చెప్పకు. ఉత్తినే అడుగు."

మెలిక్‌సెత్ చిన్న గొంతుతో, "ముసలాయనకి ఇదొక్కటే ఆధారమనుకుంటానండీ" అన్నాడు.

"నిన్ను తెచ్చుకున్నది అనుకోవడానికి కాదు."

మెలిక్‌సెత్ మామగారి వైపు తిరిగాడు. "తాతా, ఈ తోట ఎవరిది?"

మామగారు దారిన పోయేవాడికి చెప్పినట్టు టోపీ తీసి చెప్పేస్తారనుకున్నాను. కానీ ఆయన గడ్డం నిమురుకున్నారు. చెట్ల వైపు చూశారు. "మేమే చూసుకుంటాం బాబూ" అన్నారు. "మా తాత నాటాడు. నా చేత్తో ఓ ముప్ఫై చెట్లకి అంటు కట్టాను."

"అది కాదు, ఎవరిదని."

"చూసుకునేది మేమే. పన్ను కట్టేదీ మేమే."

ఆయనకు ఏదో అనుమానం తగిలిందని ఇప్పుడు అనిపిస్తుంది. మాటను దాని దారిన పోనీకుండా పట్టుకుని తిప్పుతున్నారు. ఇంకో రెండు సార్లు అలాగే తిప్పి ఉంటే అధికారి తుమ్మి తుమ్మి విసిగి, ముసలివాడిదని రాసుకుని లేచిపోయేవాడేమో. అప్పుడు నాకది తోచలేదు. నా చెవుల్లో ఆ రష్యన్ మాటలే ఉన్నాయి. గిన్నె కింద పెట్టి వర్సేనిక్ చెవిలో చెప్పాను. అది పరుగెత్తుకెళ్ళి తండ్రి భుజం తట్టింది.

"నాన్నా, వదిన చెప్తోంది..."

"పెద్దవాళ్ళ మధ్య నీకేం పనే? పో అవతలికి" అని ఆయన చేత్తో తోసేశారు.

మెలిక్‌సెత్ మళ్ళీ అడిగాడు. "నీదా, సర్కిస్‌దా? ఒక్క మాట చెప్పు తాతా."

నేను గుడ్డ కిందికి లాగాను.

"మామయ్యా, మనదని చెప్పండి. సర్కిస్‌ది అంటే లాగేసుకుంటారు. ఆయన రష్యన్‌లో చెప్తుంటే నేను విన్నాను. మనదంటే వదిలేస్తారట."

అధికారి తుమ్మడం మరిచి నా వైపు తిరిగాడు. అత్తగారి చేతిలోంచి రొట్టెల గుడ్డ జారింది. నా గొంతు చాలా పెద్దదిగా వచ్చింది. మూడేళ్ళు గుసగుసలాడిన గొంతు ఎంత బిగ్గరగా వస్తుందో చూసుకోవడం నాకు తెలియలేదు.

గోడ మీద ఘూకాసే ముందు తేరుకున్నాడు. "విన్నారట్రా! తదేవోస్ ఇంట్లో పెట్ట కూసింది!"

గోడంతా నవ్వింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ నవ్వుకు ఎంత ధర కట్టాలో వాళ్ళకూ తెలియదు. మామగారి చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. ఆయన నా వైపు చూడలేదు. టోపీ తీశారు.

"సర్కిస్‌ది" అన్నారు. "ఇందులో ఒక్క ఆకు నాది కాదు. రాసుకో."

"తాతా, ఆ పిల్ల చెప్పింది విన్నావుగా..." మెలిక్‌సెత్ అంటున్నాడు. వాడికి చేతనైనంత చేశాడు పాపం.

"విన్నాను. మా తాత మాట ఇచ్చి పోయాడు. ఆడపిల్ల చెప్పిందని, లాక్కుపోతారని, ఇప్పుడు ఊరందరి ముందూ పునీతుడి సొమ్ము నాదనమంటావా? రాసుకోవయ్యా!"

రాశారు. మామగారు బొటనవేలు సిరాలో ముంచి నొక్కారు. గట్టిగా నొక్కారు, కాగితం వెనక్కి దిగేలా.

ఇంటికి వచ్చాక ఎవరూ తిట్టలేదు. నేను గుడ్డ మళ్ళీ కట్టుకున్నాను. అత్తగారు ఆ సాయంత్రం తొనీరు పొయ్యి బూడిద ఎత్తుతూ, "మూడేళ్ళు మోసినదాన్ని మూడు మాటలకి పారేసుకున్నావు" అంది. వర్సేనిక్ మటుకు రాత్రికి నా పక్కలోకి దూరి, "నువ్వు నిజమే చెప్పావు కదా వదినా, మరి ఎందుకలా అయింది?" అని అడిగింది. నేను మాట్లాడి ఉండకపోతే మామగారు ఏమనేవారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఖుబానీ కాయలు పసుపు తిరిగే వేళకు తోట గేటు మీద ముద్ర వేసిన కాగితం వెలిసింది. కాపలాకు ఎక్కడివాడో ఒకణ్ణి పెట్టారు. మా వాళ్ళు పొలానికి వెళ్ళాలంటే ఆ గేటు ముందు నుంచే దారి. మామగారు పొలానికి చుట్టుదారిన వెళ్ళడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం నేను రొట్టెలు కాలుస్తుంటే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అప్పటిదాకా ఆయన నాతో నేరుగా మాట్లాడింది లేదు.

"పిల్లా. నీకా రాత వచ్చు కదా. రా."

ఆయన ముందూ నేను పది అడుగుల వెనకా నడిచాం. కాపలావాడు మమ్మల్ని చూసి కర్ర పట్టుకుని లేచాడు గాని, కాగితం దాకా రానిచ్చాడు. గోడ అవతల పండ్లు రాలి ఉన్నాయి. ఏరేవాళ్ళు లేరు. కందిరీగల రొద వినిపిస్తోంది.

"చదువు. పైకి చదువు."

గుడ్డ దించి చదివాను. ఒక్కో వాక్యం రష్యన్‌లో, తర్వాత మన మాటల్లో. ఈ ఊరి దిగువనున్న నేల, దానిలోని నూట నలభై ఖుబానీ చెట్లు...

"నూట నలభై మూడు" అన్నారాయన. "లెక్క కూడా రాదు వీళ్ళకి. నూతి దగ్గర మూడూ వదిలేశారు. ఊఁ, చదువు."

...మునుపటి రైతు తదేవోస్ స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం, ఖజానా యాజమాన్యం కిందికి వచ్చినవి. అనుమతి లేకుండా లోపలికి వచ్చినవారికి జరిమానా. సంతకం, ముద్ర.

చదవడం అయిపోయింది. ఆయన ఇంకా వింటూనే ఉన్నారు.

"సర్కిస్ పేరు ఎక్కడుంది?"

నేను కాగితం వైపు చూశాను. లేని పేరు కోసం కిందికీ పైకీ చూశాను.

"నేను సర్కిస్‌ది అని చెప్పాను. రాసుకోమని చెప్పాను. రాసుకున్నారా లేదా? నాది కాదంటే కాదు, సరే. ఆయనది అవునా కాదా?"

ఆయన గొంతు చిన్న పిల్లవాడి గొంతులా ఉంది. వందేళ్ళ మొక్కు నిలబెట్టానని ఒక్క ముక్క చెప్పించుకోవడానికి, తన పరువు తీసిన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. రెండో వరసలో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది. దాని మీద వేలు పెట్టాను.

"ఇదిగో మామయ్యా. ఇక్కడుంది. పునీత సర్కిస్ తోట అని."

ఆయన టోపీ తీశారు. ముందుకు వంగి ఆ మాటను ముద్దుపెట్టుకున్నారు. కాపలావాడు నోరు తెరుచుకుని చూశాడు.

ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు చుట్టుదారిన వెళ్ళలేదు. "ఇంకేం" అన్నారు దారిలో. "వాళ్ళూ పనివాళ్ళే, మన లాగే. రేపు వాళ్ళు పోతారు. తోట ఆయనది." వాకిట్లో అడుగు పెడుతూనే అత్తగారిని కేకేసి, "దీని గుడ్డ తీయించవే. చదివే నోటికి గుడ్డ ఏంటి?" అన్నారు. సెలవు ఇచ్చేటప్పుడు కానుక పెట్టడం ఆనవాయితీ. వాళ్ళమ్మది, అంచు చిరిగిన ఎర్ర తలగుడ్డ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. అత్తగారు ఏడ్చింది. వర్సేనిక్ గంతులేసింది. పదకొండేళ్ళకు రావలసినది మూడేళ్ళకు వచ్చింది. ఒక అబద్ధానికి వచ్చిందని వాళ్ళకు తెలియదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పొలానికి వెళ్తూ గేటు దగ్గర ఆగి ఆ మాటను ముద్దుపెట్టుకునేవారు. పండ్లు కుళ్ళిన వాసన మధ్య నిలబడి, చేత్తో శిలువ గుర్తు వేసుకుని, అక్కడి నుంచి కదిలేవారు. కాపలావాడికి అదొక వేడుక. సర్కారు వాళ్ళు తోటను కౌలుకిచ్చారు. ఎవరో వచ్చి మిగిలిన కాయలు కోసుకుపోయారు. మా ఇంట్లో ఆ ఏడు ఎండు ఖుబానీ లేదు. ఆ చలికాలానికి ఒక ఆవును అమ్మేశాం. మామగారు మాత్రం, "సర్కిస్ పేరు రాయించాం" అని ఎదురైన వాళ్ళందరికీ చెప్పేవారు. సహాక్ అయ్యగారికి కాస్త రష్యన్ వచ్చు. ఒకనాడు ఆ దారిన పోతూ ఆగి కాగితం చదివి, తలెత్తి మా ఇంటి వైపు చూశారట. ఆ ఆదివారం తాళం వేసిన చర్చి మెట్ల మీద నేను ఎదురైతే, "దేవుడు నీకు ఓపికివ్వాలమ్మా" అని మాత్రం అన్నారు.

అయ్యగారు అడ్డం తిరగకపోవడం చూసి నాకు ధైర్యం వచ్చింది. అబద్ధమైతేనేం, ముసలాయన ప్రాణం నిలిచిందనుకున్నాను. అలా అనుకుంటూ ఆగస్టు దాకా వెళ్ళదీశాను.

ఆ నెలలో అధికారులు మళ్ళీ వస్తారని కబురు తెలిసింది. మొదటిసారి తప్పిపోయినవన్నీ రాస్తారట. వాళ్ళు రాబోయే ముందునాడు నాజ్లూ అక్క మా ఇంటికి వచ్చింది. మా చర్చి గోడ పక్కనే ఉంటుంది. మొగుడు పోయి నాలుగేళ్ళు, ముగ్గురు ఆడపిల్లలు. ఆమెకు ఉన్నవల్లా ఆరు అక్రోటు చెట్లు. అవీ సర్కిస్‌కు మొక్కినవే.

మామగారు గుడ్డ పరుచుకుని రొట్టె తింటున్నారు. నాజ్లూ అక్క గడప దగ్గర చతికిలబడింది.

"తదేవోస్ అన్నా, నీ ఇల్లు పచ్చగా ఉండ. నేను మనుషుల మాట నమ్మలేకపోతున్నా. ఘూకాసేమో నావని చెప్పు, లేకపోతే పోతాయంటాడు. నువ్వేమో సర్కిస్‌వి అని చెబితే ఆయన పేరునే రాస్తారంటావు. ఆయన పేరు మీద ఉంటే ఎవడూ కొట్టెయ్యడనీ, మొక్కు దాటినట్టూ ఉండదనీ నాకూ ఆశ పుట్టింది. రాసే ఉందా నిజంగా?"

"నా నోటితో ఎందుకు? అదిగో, చదివినదాన్నే అడుగు." మామగారు రొట్టె ముక్కతో నా వైపు చూపించారు. "చెప్పమ్మా."

నా చేతుల్లో పిండి ఉంది. అత్తగారు మూల ఉన్ని దువ్వుతోంది. నాజ్లూ అక్క ముఖం పైకెత్తి నా నోటి వైపే చూస్తోంది. ఆమె మొహంలో నేను ఆమె ముగ్గురు పిల్లల మొహాలూ చూశాను. రెండో పిల్లకు కన్ను మెల్ల. ఉందని చెబితే రేపు ఆరు చెట్లూ పోతాయి. లేదని చెబితే...

"లేదక్కా" అన్నాను. "సర్కిస్ పేరు అందులో ఎక్కడా లేదు. నేను అబద్ధం చెప్పాను. నావని చెప్పు. వాళ్ళు ఎన్నిసార్లు అడిగినా నావనే చెప్పు."

మామగారు నమలడం ఆపారు.

"మరి ఇన్నాళ్ళూ నేను ముద్దుపెట్టుకున్నది దేన్ని?"

"ఖజానా అనే మాటని మామయ్యా."

ఆయన చొక్కా చేత్తో నోరు తుడుచుకున్నారు. ఒకసారి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నారు. మిగిలిన రొట్టెను మడిచి గుడ్డలో పెట్టారు. నన్ను కొడతారేమో, కొడితే బాగుండును అనుకున్నాను. ఆయన నాజ్లూ అక్కతో, "విన్నావుగా, నావని చెప్పుకో పో" అన్నారు.

"సర్కిస్‌కి కోపం రాదా అన్నా?"

"వస్తే నా ఇంటికి పంపు."

ఆమె లేచి వెళ్ళిపోయింది. నేను పొయ్యి వైపు తిరిగాను. వెనక నుంచి ఆయన అత్తగారితో అనడం వినిపించింది. "దానికి మళ్ళీ గుడ్డ కట్టించకు. ఏం చేసింది పాపం. నేనడిగాను, అది ఇచ్చింది."

మర్నాడు నాజ్లూ అక్క తన చెట్ల కింద నిలబడి, నావి, నా మొగుడివి, నా పిల్లలవి అని అరిచి చెప్పిందట. వదిలేశారు. మామగారు ఆ తర్వాత దిగువ దారిన కాలు పెట్టలేదు. పొలం పని ఘూకాస్ కొడుకులకు అప్పగించి, చలి మొదలవగానే తొనీరు పక్కన పడుకున్నారు. మొదటి మంచు పడ్డ వారంలో వర్సేనిక్‌ను అత్తవారింటికి పంపాం. అది నోటికి తెల్లగుడ్డ కట్టుకుని గుర్రం ఎక్కింది. జనవరి చివర మామగారు పోయారు. సర్కిస్ పండుగ ఇంకా వారం ఉంది.

జార్ మనసు మార్చుకున్నాడు. మరుసటి ఆగస్టులో చర్చి ఆస్తులన్నీ చర్చికే తిరిగి ఇచ్చేస్తున్నామని ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో చర్చి గంటలు కొట్టారు. సహాక్ అయ్యగారు దాచిన తాళంచెవి బయటికి తీశారు. బాకూలో గొడవలు చెలరేగి మా ఆయన అర్షక్ కూడా బతుకుజీవుడా అని అప్పటికే ఇల్లు చేరాడు. కాలిన చెయ్యి, ఖాళీ సంచీ. తోట మాకు వస్తుందని ఆయన అనుకున్నాడు. అయ్యగారి దగ్గరికి వెళ్ళి అడిగాడు.

అయ్యగారు ఏం చేస్తారు? ఖజానా జాబితాలో చర్చిదని ఉంది. చర్చికి వచ్చింది. మఠం నుంచి వచ్చిన గుమాస్తాకు మా మొక్కు కథ తెలియదు, తెలిసినా పని లేదు. తోటను పక్క ఊరివాడికి కౌలుకిచ్చి, గేటు మీది పాత కాగితం చింపి కొత్తది అంటించారు. ఈసారి మన అక్షరాలే. అయినా మా అత్తగారికి ఏ అక్షరాలూ రావు.

"చదవవే" అంది. ఇద్దరం గేటు ముందు నిలబడి ఉన్నాం.

పునీత సర్కిస్ ఖుబానీ తోట, అని మొదలైంది కాగితం. ఈ ఊరి చర్చి ఆస్తి. ఆధారం: తదేవోస్ తన నోటితో చెప్పి, వేలిముద్ర వేసి ఇచ్చిన వాంగ్మూలం.

"ఆయన పేరు ఉందా?"

"ఇద్దరి పేర్లూ ఉన్నాయి అత్తయ్యా."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. నిజం చెబుతున్నానో లేదో వెతుక్కుంటోంది. నేను ప్రమాణం చేయలేదు, చేస్తే ఏం నమ్ముతుంది? చివరికి ఆవిడే కొంగు సర్దుకుని, గోడకు చెయ్యి ఆనించి, "మనది అని ఎక్కడైనా ఉందా?" అని అడిగింది.

"లేదు."

"ఊఁ. అది మాత్రం నిజమే అయ్యుంటుంది" అంది. ఆవిడ మోకాళ్ళు నొప్పి. ఎగువ దారి ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంది.